చెప్పులు విడిచిన చోటు

ఆదివారం, మోత్కూర్

బడి తరఫున టీచర్లందరినీ ఊరి బయటి రిసార్టుకు తీసుకెళ్లారు. ప్రకృతికి దగ్గరై మనసు తేలిక చేసుకోవడం నేర్పిస్తారట. నాలుగేళ్ల కిందట నేను పట్టుబట్టి బాపుతో అమ్మించిన చేనే అది. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు.

పచ్చగడ్డి మీద నిలబెట్టి ట్రైనర్ అమ్మాయి అంది: "చెప్పులు విప్పండి మేడమ్. నేలను గౌరవించడం అలవాటు చేసుకోండి."

నాకు ఒళ్లు మండింది. మా చేనులో నాకు నేర్పుతుందా! అప్పుడు గుర్తుపట్టాను పక్కనున్న వేపచెట్టును. నేను చెప్పులతో నిల్చున్నది మా కల్లంలో. జొన్నలు రాశి పోసే ఆ జాగాలోకి బాపు ఎవరినీ చెప్పులతో రానిచ్చేవాడు కాదు. చిన్నప్పుడు ఒకసారి మరిచి అడుగుపెడితే వీపు మీద ఒక్కటిచ్చాడు. అందరితో పాటు నేనూ చెప్పులు విడిచాను.

అనుభవం ఎలా ఉందో రాయమని కాగితమిచ్చారు. 'బాగుంది' అని రాసిచ్చాను.

ఇంటికొచ్చేసరికి బాపు వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు.

"మన చేనుకాడికి పోయినవంట గదా బిడ్డా. కల్లం గట్లనే ఉన్నదా?"

"ఉన్నది బాపు."

"చెప్పులు ఇడిసినవా మరి?"

"ఇడిసిన."

తృప్తిగా తల ఊపాడు. ఎవరు చెబితే విడిచానో అడగలేదు.