కరెంటు లేని బావి

ఫిబ్రవరి 20
కరెంటు తీగ రాని చేను ఈ చుట్టుపక్కల మాది ఒక్కటేనట. లింగంపేట హోటల్లో ఎవరో అంటే లోలోపల మురిసిపోయాను. రెండు సోలార్ పలకలు, చిన్న మోటరు, తాత తవ్వించిన బావి, దాని కింద మొక్కజొన్న. ఇంకేం కావాలి.

నా భార్య లత మాత్రం తన షరతు మార్చలేదు. "మక్కలు ఇంటికొస్తే ఉంట. ఎండితే కామారెడ్డిల మా అక్క దగ్గరికి పోత. నువ్వొస్తవో రావో నీ ఇష్టం."

ఫిబ్రవరి 26
ఎల్లారెడ్డి టౌన్లో బ్యాంకు. నా ఖాతా ఆగిపోయిందట. తెరవాలంటే ఫోనుకు వచ్చే నంబరు చెప్పాలట. కరెంటుతో పాటే ఫోనూ వద్దనుకుని అమ్మేశానన్నాను. కౌంటర్లో పిల్ల నన్ను చూసిన చూపు… చివరికి లత నంబరే రాయించాను. సిగ్గేసింది.

మార్చి 4
బావిలో నీళ్లు దిగుతున్నాయి. మా మోటరు ఎండ ఉంటేనే నడుస్తుంది. చుట్టూ బోర్లకు ఆటో స్టార్టర్లు — కరెంటు ఉన్నంతసేపూ వాటంతట అవే తిరుగుతాయి, రాత్రంతా. మేం లేచేసరికి నీళ్లన్నీ పక్క మడుల్లో.

పక్క చేను గంగారాం అన్న వాళ్లది. రాత్రి పూట బోరు ఆపమని ఆయన్ని అడిగాను.
"నేనొక్కన్ని ఆపితే ఏమైతది తమ్మీ? గుంజేటోళ్లు గుంజుతనే ఉంటరు. నువ్వు గూడ కనెక్షన్ తీస్కో."
కోపం వచ్చింది. నిజం చెప్పాడని ఇంకా ఎక్కువ వచ్చింది.

మార్చి 9
బావి అడుగు కనిపిస్తోంది. మక్క గింజ పాలు పోసుకునే సమయం. ఇప్పుడు తడి పెట్టకపోతే అంతే సంగతులు.
లత బట్టల సంచి దులిపి ఎండలో వేసింది. అక్క దగ్గరికి పోయేటప్పుడు పట్టుకెళ్లేది అదే.

మార్చి 12
నీళ్లు. పొద్దున చూస్తే మోకాటి పైకి. లతను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. "చూసినవా, ఊట తెగలే." తొంగి చూసి, "మంచిగైంది" అంది.

మార్చి 15
రోజూ ఊరుతోంది. సగం చేను తడిసింది. గంగారాం అన్నను కూర్చోబెట్టి కరెంటు లేకుండా ఎలా బతకాలో చెప్పాను. బీడీ తాగుతూ మొత్తం విన్నాడు పాపం. "నిజమే తమ్మీ" అన్నాడు.

మార్చి 18
నిన్న గాలి దుమారానికి స్తంభం ఒరిగింది. వాన చుక్క లేదు, ఊరికి కరెంటూ లేదు. మాకేం, మా దీపం వెలిగింది. హాయిగా పడుకున్నాను.
పొద్దున బావి ఖాళీ.
ఒక్క బోరూ నడవని రాత్రి — ఊట ఇంకా ఎక్కువ రావాలి కదా?

మార్చి 19
కరెంటు వచ్చింది. బావిలో నీళ్లూ వచ్చాయి.
గట్టు వెంట నడిచాను. ఎండుగడ్డి కింద నల్ల పైపు. ఒక కొస గంగారాం అన్న బోరు దగ్గర, ఇంకో కొస మా బావి అంచున, ఇంకా తడిగా. నేరుగా గంగారాం అన్న దగ్గరికి వెళ్లి అడిగాను.

"మీ ఇంటామెనే అడిగింది తమ్మీ. నీకు చెప్పద్దన్నది. నోటితోని పోత అంటున్న గని పోబుద్ధి అయితలేదన్నది."

ఎవరి మీద అరవాలి? పైపు పీకేస్తే మక్క ఎండుతుంది, లత తన మాటకు కట్టుబడి పోవాల్సి వస్తుంది. ఉంచితే నా చేను తాగేది కరెంటు నీళ్లే. పైపు మీద ఎండుగడ్డి మళ్లీ కప్పేశాను.

మార్చి 20
మోటరు వేస్తుంటే లత వచ్చింది. నా మొహం వైపు చూడకుండా అడిగింది, "ఊరినయా నీళ్లు?"
ఊరినయి అన్నాను.