లాగ్‌లైన్ల పట్టని తోమాసు కాక

జూన్ 14, శనివారం
ఓటీటీ వాళ్ల కాంటెస్ట్‌కు కార్పొరేట్ థ్రిల్లర్ లాగ్‌లైన్ పంపాలె. కథంతా రెండు ముక్కలల్ల చెప్పాలె. పొద్దుగాల్నుంచి ఫ్లెక్సీ షాపుల కూసోని రాస్తున్న. అన్నిట్ల హైదరాబాద్ అద్దాల బిల్డింగులే. వాటి లోపలికి నేనెన్నడు పోయిన?

జూన్ 16
మహిమ షాపుకొచ్చింది. ఇంటర్ల నాతోని చదివింది. ఇప్పుడు ఈడనే, కరీంనగర్ల ఒక సీడ్స్ కంపెనీల బిల్లింగ్ చేస్తది. మొఖం పీక్కపోయింది. నిరుడు మిగిలిన పత్తి విత్తనాలు కొత్త ప్యాకెట్లల్ల నింపి అమ్ముతుండ్రట. చొప్పదండిల వాళ్ల బాపు తోమాసు కాక గూడ అవే పెట్టిండు. మొలక రాలే. బిడ్డ పనిజేసే కంపెనీ అని నమ్మి కొన్నడట. గోదాంల సరుకుండంగనే వ్యవసాయ ఆఫీసర్లను తోల్కపోత, వచ్చే సోమవారం దాక ఎవ్వరికి చెప్పకు అన్నది. చెప్పనన్న.

జూన్ 17
రాసిన.

"నకిలీ విత్తనాలు అమ్మే కంపెనీలో పనిచేసే యువతి, గోదాము ఖాళీ అయ్యేలోపు యజమానిని పట్టించాలి. పట్టిస్తే ఉద్యోగం పోతుంది, పట్టించకపోతే ఊరు మునుగుతుంది."

ముందుగాల వాళ్ల బాపును గూడ పెట్టిన. పొడుగైతుందని తీసేసిన. తీసినంక మంచిగ కుదిరింది. ఖుషీ అయింది. గా ఖుషీ నాకే నచ్చలే.

పంపిన.

జూన్ 20
షార్ట్‌లిస్ట్‌ల నా పేరు! వాళ్ల పేజీల లాగ్‌లైన్ గూడ పెట్టిండ్రు. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టిన.

జూన్ 21, పొద్దున
స్టేటస్ ఎవరెవరు చూసిండ్రో చూస్తున్న. అంబదాస్ సార్ చూసిండు. మహిమ కంపెనీ మేనేజర్. వాళ్ల ఫ్లెక్సీలు మా షాపులనే కొడ్తం. మంచిగుందన్నట్టు బొటనవేలు బొమ్మ గూడ పంపిండు.

స్టేటస్ తీసేసిన. మహిమకు ఫోన్ చెయ్యాలె. నంబర్ తీసి పట్టుకోని కూసున్న. చెయ్యలే.

జూన్ 23
ఆఫీసర్లు పోయిండ్రట. గోదాం ఊడ్చి ఉన్నదట. సాయంత్రానికి మహిమను కొలువుల నుంచి తీసేసిండ్రు.

జూన్ 26
వచ్చింది. కూసోమంటె కూసోలే. ఫోన్ల నా లాగ్‌లైన్ చూపిచ్చి, "శ్రీహరీ, నేను నీకు చెప్పింది ఇదేనా?" అన్నది. అవునన్న. అంబదాస్ సార్ చూసిన సంగతి శనివారమే తెల్సని గూడ చెప్పిన. గప్పుడే చెప్తే గదే దినం ఆఫీసర్ల ఇంటికన్న పోతుంటి గదా అన్నది. తిట్టలే. తిడితే మంచిగుండు.

బాపుకు నా సంగతేం చెప్పలేదట. అప్పు తెచ్చి మల్ల విత్తనం పెడుతుండు, ఆయన మనసు ఖరాబ్ చెయ్యకు అని పోయింది.

జూన్ 29
కాంటెస్ట్ నుంచి నా పేరు తీసెయ్యిండ్రి అని మెయిల్ రాసిన. డ్రాఫ్ట్‌ల ఉన్నది.

జూలై 6, ఆదివారం
తోమాసు కాక ఫోన్ చేసిండు. నా పేరు లిస్టుల వచ్చిందని ఎవరో చెప్పిండ్రట. ఇయ్యాల చర్చిల లేచి నిలబడి, నా కథ సినిమా కావాలని అందరితోని ప్రార్థన చేపిచ్చిండట.

ఆమెన్ అను బిడ్డా అన్నడు.

అన్న.