ఎనభై కుడి ముక్కలు

జూలై 14, మంగళవారం

నాతో మాటలు మానేసిన మహారాజశ్రీ బావగారికి,

బోలెడు నమస్కారాలు. ఉత్తరం మొదట్లో ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాం అని రాయాలంటారు. నేను సగమే రాస్తాను. నువ్వు క్షేమంగా ఉండాలి. నా సంగతి కింద చదువుకో. కవరు మీద అడ్రసు మీ చెల్లెలి చేత రాయించాను. నా కోడిగీతలు చూస్తే తెరవకుండానే పొయ్యిలో పెడతావని నాకు తెలుసు.

వరసకి మనం ఏమీ కాము, నా పెళ్ళాన్ని నీ చెల్లెలనడం కూడా ప్రేమకే. పాతికేళ్ళు టైలరు దుకాణంలో ఒకే బల్లకి చెరో పక్కన నిలబడి, నువ్వు గుడ్డ పరిస్తే నేను కోసి, ఒకళ్ళనొకళ్ళు బావా బావా అని తిట్టుకుంటూ బావలమైపోయాం. నువ్వు వెళ్ళిపోయిన ఈ ఏడు నెలల్లో నన్ను తిట్టేవాడు లేక ఒళ్ళు కూడా పట్టింది. నీ చోట యజమాని ఇంకా ఎవరినీ పెట్టలేదు. గుడ్డ నేనే పరుస్తున్నాను, ఆయన వెనక నిలబడి చూస్తున్నాడు. అత్తగారు చూస్తుంటే అన్నం వండినట్టుంది నా పని.

అసలు విషయానికి వస్తాను. ఎనిమిదేళ్ళుగా నాకు హెచ్.ఐ.వి. ఉంది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాలుగు కాగితాలు నలిపి పారేశాను. ఎలా వచ్చిందో ఎదురుగా కూర్చుంటే చెప్తాను, కాగితం మీద కాదు. మీ చెల్లెలికి తెలుసు, తనకి లేదు. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకునే మాత్ర బలానికని నీకు చెప్పేవాణ్ణి కదా. నాకూ నీరసంగా ఉంది, ఓ బిళ్ళ పడెయ్యరా అని నువ్వు చెయ్యి చాపావు ఒకసారి. ఆ రోజు నవ్వుతూనే డబ్బీ జేబులో పెట్టుకున్నాను గానీ లోపల నా ప్రాణం పోయింది.

మాత్రలు బాగానే పనిచేస్తున్నాయిట. రక్తంలో ఆ పురుగు పరీక్షకి దొరకనంత తగ్గిపోయింది. మరి చేసే పని తప్పిపోతోంది, నా తలకేమొచ్చింది తల్లీ అని అడిగితే డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. అది ఒంట్లోకి వచ్చిన కొత్తల్లోనే మెదడులోకి కూడా దూరుతుందిట. మనకి ఆలోచననిచ్చే కణాల్ని నేరుగా ఏమీ చెయ్యదు. అక్కడ కాపలా కాసే కణాలుంటాయిట, వాటిలో చేరుతుంది. అవి రెచ్చిపోయి ఏవేవో వదులుతాయి, లోపల సన్నగా వాపు. ఆ సెగకి పక్కనున్న మంచి కణాలు దెబ్బతింటాయి. మందులు వాడినా కొందరికి ఆ సెగ పూర్తిగా ఆరదుట, అందులోనూ నేను మందులు మొదలెట్టిందే ఆలస్యంగా. అంటే దొంగని కట్టేసినా కుక్క మొరగడం ఆపలేదు, అంతేగా అన్నాను. ఆవిడ నవ్వి, మొరిగితే ఫర్వాలేదు, ఇది ఇంట్లోవాళ్ళనే కరుస్తోంది అంది.

పరీక్షలు కూడా పెట్టింది. ఒకటి, అ, రెండు, ఆ అని వరసగా గీత కలుపుకుంటూ పొమ్మంది. అయిదో క్లాసులో బడి ఎగ్గొట్టినవాడికి ఇదెక్కడి శిక్ష అన్నాను. నీ చదువు లెక్కలోకి తీసుకునే చూస్తాం, గీత గియ్యి అంది. మూడు దగ్గర ఆగిపోయాను. తర్వాత చిన్న చిన్న పుల్లలు ఇచ్చి గుంటల్లో గుచ్చమంది. ఈ వేళ్ళు ఒక్కసారికే సూదిలో దారం ఎక్కించేవి బావా. వణకలేదు గానీ నెమ్మదైపోయాయి, నా వేళ్ళ కోసం నేనే ఎదురుచూశాను.

ఇది మతిమరుపు అనుకోకు. నీ మొహం గుర్తుంది, మర్చిపోదామన్నా పోయే మొహం కాదది. పని వరస తప్పుతుంది. ఒకటి చేస్తూ రెండోది పట్టుకుంటే మొదటిది జారిపోతుంది. మందులు మానకపోతే చాలామందికి ఇక్కడితో ఆగుతుంది, కొందరికి కాస్త తేరుకుంటుంది కూడా అంది. నేను ఏ రకమో కాలమే చెప్పాలిట.

కానీ నా ఖర్మ చూడు. నేను తప్పు చేస్తే అందరూ నవ్వుతారు. ప్లీడరు గారి ప్యాంటు జేబుకి మూతి కుట్టేశాను గుర్తుందా? ఆయన రుమాలు పెట్టుకోబోయి చెయ్యి దూరక తడుముకుంటుంటే దుకాణమంతా గొల్లుమంది. వీడు పోతే గానీ ఈ బుద్ధి పోదు అన్నాడు యజమాని. నువ్వు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వావు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. అలా కుట్టానని నాకే తెలియదు బావా. సెలవని గుర్తు లేక దుకాణానికి వచ్చి మూసిన షట్టర్ ముందు గంటసేపు నిలబడితే, పక్క కొట్టువాడు ఇవాళ ఎవరి కోసం వల పన్నావు అని అడిగాడు. చిన్నప్పట్నించి అందరినీ ఆటపట్టించినందుకు ఇప్పుడు నిజంగా కాలు జారినా చప్పట్లే. ఆ చప్పట్ల మధ్యలోంచి బయటికి రావడానికి దారి లేదు.

ఇక ఆ కోట్ల సంగతి. ఫ్యాక్టరీ వాళ్ళు తొడుక్కునే కోట్లు, మొత్తం నలభై. పన్ను నొప్పి అని నువ్వు నా ఒక్కడికే చెప్పి గంటసేపు వెళ్ళావు. యజమానికి తెలిస్తే గొణుగుతాడని గుడ్డ నేనే పరిచాను. నువ్వయితే గుడ్డ మంచి ముఖం ఒక వరసకి పైకి, ఒక వరసకి కిందికి, ఎదురెదురుగా పరుస్తావు. అప్పుడే ఒక కోతకి కుడి ముందుభాగం, ఎడమ ముందుభాగం రెండూ వస్తాయి. నేను ఎనభై వరసలూ ముఖం పైకే పరిచి మిషను పెట్టి కోసేశాను. ఎనభై కుడి ముక్కలు. ఎడమది ఒక్కటి లేదు. కొత్తగా పనిలో చేరినవాడు కూడా చెయ్యని తప్పు.

పరిచేది నీ పని కాబట్టి యజమాని నీ మీద పడ్డాడు. నేను పరచలేదు బాబూ, వాణ్ణడగండి అన్నావు. ఇద్దరూ నా వైపు చూశారు. నిజంగా చెప్తున్నా బావా, ఆ క్షణం నా తలలో ఏమీ లేదు. ఎవరు పరిచారో గుర్తు రాలేదు. ఊరికే నిలబడిపోయాను. గుర్తొచ్చేసరికి మూడు రోజులైంది, అప్పటికే నువ్వు కత్తెర తీసుకుని వెళ్ళిపోయావు. ఇది వాడి పరాచికం, నా బతుకుతో ఆడాడు అని నువ్వు అందరితో అంటున్నావని విన్నాను. పరాచికం కాదు, రోగం.

పోయిన నెల యజమాని దగ్గరికి వెళ్ళి పరిచింది నేనే అని చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వాడు. స్నేహితుడి కోసం నాటకం బాగా కట్టావు గానీ పాతికేళ్ళ మాస్టరువి, ఆ తప్పు నువ్వు చేశావంటే నా మనవరాలు కూడా నమ్మదు అన్నాడు. నమ్మాలంటే డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూపించాలి. చూపిస్తే నా గ్లాసు వేరే పెడతారు, తర్వాత నన్ను వేరే పెడతారు. ఈ వయసులో ఈ తలతో ఇంకో బల్ల దగ్గర నన్నెవరు నిలబెడతారు చెప్పు?

గుడ్డ తగలేశావన్న పేరు పడి నిన్ను ఏ దుకాణంలోకీ రానివ్వడం లేదనీ, వసారాలో కూర్చుని ప్యాంట్ల అంచులు కుడుతున్నావనీ తెలుసు. కాస్త ఓర్చుకో బావా. తప్పు రోగానిది. నన్ను క్షమించెయ్.

ఇట్లు,
నీ బల్లకి అవతలి పక్క మనిషి

తా.క.: తప్పులు దిద్దమని ఉత్తరం మీ చెల్లెలికిచ్చాను. అంతా చదివి ఒక్కటే అడిగింది. యజమాని అడిగినప్పుడు నీకు నిజంగా గుర్తు లేదా అని. తన దగ్గర నా వేషాలు సాగవు. గుర్తుంది బావా. అంతా గుర్తుంది. నువ్వు లేని గంట, నేను పరిచిన గుడ్డ, చివరి వరస దగ్గర వచ్చిన తుమ్ముతో సహా. నోరు విప్పితే నీకేమైందిరా అని అడుగుతారని, అడిగితే రోగం బయటపడుతుందని భయమేసి నిన్ను ఇరికించాను. కోత తప్పింది రోగం వల్ల. మాట్లాడకుండా నిలబడింది మాత్రం నేనే, పూర్తి తెలివిలో ఉండి.

డాక్టరమ్మ కాగితం ఈ కవర్లోనే పెట్టాను. దాని వెనక, గుడ్డ పరిచింది నేనే అని రాసి సంతకం చేశాను. యజమానికి చూపించు, ఇంకెవరికి చూపిస్తావో నీ ఇష్టం. పైన క్షమించమన్నది కొట్టెయ్యలేదు గానీ, ఈ ముక్కలు చదివాక ఇంకోసారి ఆలోచించుకో.