రిపేరు చీటీలు

వదినా,

బయలుదేరేటప్పుడు మీకు చెప్పలేదు. చెబితే వద్దంటారు, లేదా వెంట వస్తానంటారు. రెంటికీ జవాబు చెప్పే ఓపిక లేదు. ఫోను ఇంట్లోనే వదిలేశాను. ఫోనులో మీరు ఏడిస్తే నాకు మాట పెగలదు. అందుకే ఉత్తరం.

పోయిన వారం లైసెన్సు కోసం కారు అరలో వెతికితే నాలుగు రిపేరు చీటీలు దొరికాయి. మీ చెల్లెలు తలపిన్నుతో కలిపి గుచ్చింది. తన అలవాటు మీకు తెలుసు. నేను మిల్లుల్లో బాయిలర్లు తనిఖీ చేస్తూ తిరిగినన్నాళ్ళూ పక్క సీటు తనది. రిటైరయ్యాక కూడా నెలకు రెండుసార్లు ఏదో వంక చెప్పి పాత రోడ్డు ఎక్కించేది. పెద్ద రోడ్డు పడి పదేళ్ళయినా అది తనకు గిట్టేది కాదు. "అది రోడ్డా అండీ? గొట్టం. ఇటు దూరితే అటు తేలతాం" అనేది. వెళ్ళిన ప్రతి ఊళ్ళో ఏదో ఒకటి బాగుచేయడానికి ఇచ్చేది. తెచ్చుకోవడానికి మళ్ళీ వెళ్ళాలిగా. మన వీధిలో చెప్పులు కుట్టేవాడు లేడా అంటే, "ఉన్నాడు, కబుర్లు చెప్పడు" అనేది.

ఆ నాలుగూ తెచ్చేద్దామని బయలుదేరాను.

మొదటి చీటీ దర్జీది. ఈ దారిలో రెండు బళ్ళు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగాలి. ముందు దిగినవాడికి రెండోవాడు చెయ్యెత్తి పోతాడు. ఊరు సైకిల్ షాపుతో మొదలై కలప డిపోతో అయిపోతుంది. తను బోర్డులన్నీ పైకి చదివేది. మంగలి షాపులో కుర్చీ మారినా, మందుల కొట్టుకు కొత్త రంగు వేసినా తనకు వార్తే. నేను గడియారం చూసుకునేవాణ్ణి. ఇవాళ ఒక బోర్డు పైకి చదివి చూశాను. కారులో ఎవరో పరాయివాడు మాట్లాడినట్టుంది. ఆపేశాను.

దర్జీ నా చొక్కా కాలరు తిప్పి కుట్టి ఉంచాడు. దానికి గుచ్చిన కాగితం మీద తన రాత: 'ఈయన మెడ సున్నితం. మెత్తటి దారం వాడండి.'

"మీ మెడ సంగతి ఈ బజార్లో అందరికీ తెలుసు సార్" అన్నాడు దర్జీ. "అమ్మగారు రాలేదా?"

రాలేదన్నాను. అబద్ధమైతే కాదు.

మీ మరిది

*

వదినా,

రెండో చీటీ తన చెప్పులది. ఆ కొట్టు ఇప్పుడు లేదు. దాని స్థానంలో ఫోన్లకు అద్దాలు అతికించే షాపు వచ్చింది. చెప్పులు కుట్టే పెద్దాయన కూతురి ఊరికి వెళ్ళిపోయాడట. కొట్టులో మిగిలిన చెప్పులన్నీ గోనెసంచిలో వేసి ఎవరికో ఇచ్చేశారట. "జత చెప్పుల కోసం ఇంత దూరం వచ్చారా బాబాయ్?" అని అడిగింది ఆ షాపు అమ్మాయి. నీళ్ళు ఇచ్చింది. తాగాను. తన కాళ్ళ అచ్చు పడిన చెప్పులు ఇప్పుడు ఏ కాళ్ళకు ఉన్నాయో.

మీకు ఒకటి చెప్పాలి. ఎదురుగా కూర్చుని చెప్పలేనిది.

మా ఆఖరి ప్రయాణంలో గడియారం తెచ్చుకుందామంది. మా పడగ్గదిలో గోడ గడియారమే. నాలుగో చీటీ దానిది. నంబరు 212. ఆ కొట్టు పేరు, ఫోను నంబరుతో సహా చీటీలో ఉన్నదంతా ఈ ఉత్తరం కింద రాశాను. నాకేమైనా అయితే మీరు తెప్పించుకోండి. ఆ రోజు పాత రోడ్డు మలుపు దగ్గర తను నా మోచేతి మీద చెయ్యి వేసింది. వాన పట్టేలా ఉంది, నాలుగింటికల్లా ఇంట్లో ఉండాలన్నాను. ఇంట్లో నాకేం పని ఉంది? ఏమీ లేదు. పెద్ద రోడ్డు ఎక్కించాను. "సరేలెండి, గడియారం ఎక్కడికి పోతుంది?" అంది. దారంతా కిటికీలోంచి బయటికే చూసింది. ఆ రోడ్డు మీద చదవడానికి బోర్డులు కూడా ఉండవు. మేం ఇంటికి చేరింది మూడూ ఇరవైకి, వాన పడలేదు. పదకొండు వారాలకు తను లేదు.

మలుపు తిరిగితే బతికేదని కాదు. ఆ మాత్రం తెలుసు. కానీ తను నన్ను ఆఖరిసారి అడిగింది అదొక్కటే. ఆస్పత్రిలో ఏమీ అడగలేదు.

ఇంకొకటి. తను పోయిన రోజు నుంచి నేను గుండె మాత్రలు వేసుకోవడం లేదు. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసినవారు మీరు. వివరం అక్కర్లేదు. నాలుగో చీటీ అయ్యాక నాకు పని లేదు వదినా. ఇది బెదిరింపు కాదు. ఉన్న మాట.

మూడో ఊళ్ళో లాడ్జిలో వారం ఉంటాను. చిరునామా రాస్తున్నాను. తిట్టాలనుకుంటే అక్కడికి రాయండి.

మీ మరిది

*

వదినా,

మీ కార్డు అందింది. 'మాత్రలు వేసుకో. మిగతా తిట్లు ఎదురుగా.' ఇంతే రాయడానికి కార్డు ఎందుకు, తపాలా బిళ్ళ వెనక రాస్తే సరిపోయేది. నవ్వు రాలేదు గానీ, తను ఉంటే నవ్వేదని తోచింది.

వేసుకోలేదు.

మూడో చీటీ రేడియోది. రిపేరు చేసే ఆయన వయసు నా అంతే. దుమ్ము తుడిచి నా ముందు పెట్టి మీట తిప్పాడు. పాడింది.

"ఏం పాడైంది ఇందులో?" అన్నాను.

"ఏమీ పాడవలేదండీ. బ్యాటరీలు తీసేసి ఇచ్చారు. అమ్మగారు ఎప్పుడూ అంతే. ఫ్యాను తెచ్చారు, బాగానే ఉంది. ఇస్త్రీపెట్టె తెచ్చారు, అదీ బాగానే ఉంది. ఒకసారి అడిగేశా, ఎందుకమ్మా ఈ మోత అని."

"ఏమంది?"

"పని ఉంటే తప్ప ఆయన బండి ఆపరయ్యా అన్నారు."

ఆయన నవ్వుతూనే చెప్పాడు. నాకు టీ కూడా తెప్పించాడు. తను ఎప్పుడూ కూర్చునే స్టూలు చూపించి కూర్చోమన్నాడు. అక్కడి నుంచి చూస్తే వీధి చివర రైలు గేటు కనిపిస్తుంది. గేటు పడితే జనం ఆగి, ఎక్కడివాళ్ళక్కడ కబుర్లలో పడతారు. ఎవరికీ తొందర లేదు. నేను కారులో హారను కొడుతుంటే తను ఇక్కడ కూర్చుని ఇది చూసేదన్నమాట.

ముప్పై ఏళ్ళ కాపురంలో నన్ను ఒక్క గంట ఆపడానికి తనకు ఏదో ఒక వస్తువు పాడవాల్సి వచ్చింది. ఊరికే ఆపమంటే ఆపననే కదా. మళ్ళీ మళ్ళీ అదే తిరుగుతోంది బుర్రలో. లాడ్జి గది పైకప్పులో ఒక పగులు ఉంది. వారం రోజులుగా దాన్నే చూస్తున్నాను.

రేపు నాలుగో ఊరు.

మీ మరిది

*

వదినా,

గడియారాల కొట్టు తలుపంత వెడల్పు ఉంటుంది. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని బల్ల మీదికి వంగి ఉన్నాడు. చీటీ ఇచ్చాను. నంబరు చూసి భూతద్దం తీశాడు.

"కాలేదు సార్. పార్టు రాలేదు."

"ఏ పార్టు?"

బల్ల అద్దం కింద ఒక కాగితం ఉంది. దాని వైపు చూశాడు. "స్ప్రింగు."

ఆయన తల వెనక గోడ మీద మా గడియారం ఉంది. ఏడంకె దగ్గర గీత నేను మేకు కొడుతూ పెట్టిందే. పదకొండూ పది చూపిస్తోంది. నా చేతి గడియారమూ అంతే చూపిస్తోంది.

"నడుస్తోంది కదా?"

ఆయన వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ నా వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అది... ఊరికే నడుస్తోంది సార్. నమ్మడానికి లేదు."

ఆ చీటీ నంబరు ఈ లోకంలో మీకు ఒక్కరికే రాశాను వదినా. మీ అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒకటే విద్య. అయినా ఆయన్ని ఏమీ అడగలేదు. పాపం, ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?" అన్నాను.

"వచ్చే నెల ఇరవయ్యో తారీఖు. అప్పటికీ రాకపోవచ్చు సార్. చాలా దూరం నుంచి రావాలి ఆ పార్టు." కొత్త చీటీ రాసి ఇచ్చాడు.

కారులో కూర్చుని చాలాసేపు స్టార్టు చేయలేదు. తను చనిపోయాక మొదటిసారి ఏడ్చాను. ఎదుటి పూలకుండీల కొట్టు ఆవిడ వచ్చి అద్దం తట్టింది, బండి కదలడం లేదా, తోయాలా అని. వద్దన్నాను.

బాగయ్యానని అనుకోకండి. పొద్దున లేవగానే పక్కకు చెయ్యి పోతుంది, అక్కడ ఎవరూ ఉండరు. అది అలాగే ఉంది. నేను పెద్ద రోడ్డు ఎక్కించిన ఆ రోజూ అలాగే ఉంది. దాన్ని బాగుచేసే కొట్టు ఏ ఊళ్ళోనూ లేదు. కానీ ఇరవయ్యో తారీఖున ఒకచోటికి వెళ్ళాలి. ఆ ఊరి మందుల కొట్లో మాత్రలు కొన్నాను. ఒక్క నెలకే. కొట్టు బయటే నిలబడి ఒకటి వేసుకున్నాను.

పాత దారినే ఇంటికి వచ్చాను. రైలు గేటు పడింది. ఇంజను ఆపి దిగాను.

వచ్చేసారి వెళ్ళేటప్పుడు మీ ఊరి మీదుగా వస్తాను. ఎదురుగా తిడతానన్నారుగా. మీ ఇంట్లో పాడైనది ఏదైనా ఉంటే తీసి ఉంచండి. పాడవకపోయినా ఫరవాలేదు.

మీ మరిది