మూడు రాణులు పడేసిన

నవంబరు 7, శుక్రవారం

గెలిచిండు! మళ్ళ వాడే గెలిచిండు. నా కొడుకు శీను... వాని నవ్వు ఇంకా చెవులల్లనే ఉన్నది. వాడు అల్ రువైస్ పోర్టుల డ్యూటీకి వచ్చినకాన్నుంచి నాకు భూమ్మీద కాలు ఆగుతలేదు. తండ్రీకొడుకులం ఒక్క దేశంల ఉన్నం — నా జన్మల ఇదే మొదటిసారి!

వాడు ఆ కొసకు, నేను ఈ దోహాల. బండి లేదు, సెలవులు కలువయి. అందుకే శుక్రవారం తిన్నంక ఫోన్ల పత్తాలు. పోకరట, వాడే నేర్పిండు. ఫులూస్ మాఫీ, పైసల్లేవు, ఉత్త బిళ్ళలు. ఇద్దరమే. స్పీకర్ పెట్టుకొని ముచ్చట్లు పెట్టుకుంట ఆడుతం.

వాడు ఆగేటోడు కాదు. నేను జరంత రైజ్ చేస్తె, బిళ్ళలు పెంచితె, దానిమీద పదింతలు కొడ్తడు. "ఏం జేస్తవ్ బాపు? ఆఁ? ఏం జేస్తవ్?" నేను పత్తాలు పడేస్త, ఆట ఇడిచినట్టు. వాడు కేకేస్తడు. ఆ కేకకు ఎన్ని బిళ్ళలైనా పోనీ.

నవంబరు 8

పక్క మంచం రహమత్ నిన్న నా వెనుక నిలవడి చూసిండట. పొద్దుగాల్నే మొదలుపెట్టిండు. "చాచా, చేతిల రెండు రాజులు పట్టుకొని పడేసినవ్. పాగల్ హో గయే క్యా?"

హైద్రాబాదోడు, పత్తాలల్ల పండినోడు. "అస్తమానం కొట్టేటోనికి అస్తమానం పత్తాలు పడవు చాచా. నీకు మంచిగ పడ్డయా, పట్టు, వాడు పెట్టినన్ని బిళ్ళలు నువ్వూ పెట్టు. పడలేదా, ఇడువు. ఇంతే."

నాకు ఎరుకే అన్న. ఎరిగే ఇడుస్తున్న అన్న.

"ఎందుకు మరి?"

నవ్వి పక్క దులుపుకున్న. రెండేండ్లకోసారి నెల లీవు. ఇంట్ల అడుగుపెట్టంగనే శీను పత్తాల కట్ట తెచ్చి ఎదురుంగ కూసునేటోడు. నెలకోసం పోయినోన్ని, పిల్లగాన్ని ఓడగొట్టి విమానమెక్కుదునా? ఓడిపోయే వస్తుంటి. గల్ఫ్ తండ్రులందరం అంతే.

నవంబరు 11

ఇంటిది ఫోన్ చేసింది. "దుబాయ్ పోయి తండ్రీకొడుకులు పత్తాలాడుతున్నరట, ఊరంత నవ్వుతున్నది. ఈడుంటే ఇద్దరికీ పొరక తిరగేసి పెడుదును." మస్తు నవ్వుకున్నం. దుబాయ్ కాదే అంటె ఇంటదా.

నవంబరు 14, శుక్రవారం

థూ నా బతుకు.

చేతిల రెండు రాణులు. టేబుల్ మీద, ఇద్దరికీ లెక్కొచ్చే పత్తాలల్ల, ఇంకో రాణి పడ్డది. మూడు రాణులు! ఊర్ల మూడు పత్తాలాటల ఇవి పడితే మనిషి లేసి ఎగురుతడు. జరంత పెంచిన. శీను బిళ్ళలన్నీ ముందటికి నూకిండు. "ఏం జేస్తవ్ బాపు?"

పడేసిన. ఎప్పటి తీరుగనే.

అంతటితోని అయిపోతుండె. పడేసేటప్పుడు బొటనవేలు పక్క బొమ్మ మీద పడ్డది. చూపెట్టే గుర్తట అది. నా పత్తాలు బోర్లకాడివి ఎల్లెలకల తిరిగినయి. వానికి మూడు రాణులు కనవడ్డయి.

కేక రాలే.

"బాపు... గివి పడేసినవా?"

కండ్లు అవుపడలే బిడ్డా అన్న. అబద్ధం. నోట్లెకెళ్ళి వచ్చినంక ఇంకింత సిగ్గయింది.

"ఎన్నిసార్లు?"

లెక్కపెట్టబోయిన, వాడు ఆగలే. ఫోన్ పెట్టేసిండు.

నవంబరు 15

నేను చాయ్‌లు పోసే ఆఫీసుల పాల కరక్ అడిగిన మేనేజర్‌కు పాలు లేని సులైమానీ ఇచ్చిన. "క్యా హువా బాబా?" అన్నడు. తల ఎత్తలేకపోయిన. ఎవలు నన్ను చూసినా ఎరుకైనట్టే అనిపిస్తున్నది.

నవంబరు 18

మెసేజ్ పెట్టిన. జవాబు — "డ్యూటీ."

ఒక్క మాట. దినాం గుడ్‌మార్నింగ్ పువ్వులు పంపేటోడు.

రహమత్‌కు చెప్పేసిన. తిడతడనుకున్న. అన్నం పల్లెం ముందటికి జరిపిండు. అది ఇంకా కష్టమనిపించింది.

నవంబరు 20

చేసిండు! పొద్దుగూకంగ శీను ఫోన్ చేసిండు. దేవుడా.

సంతోషం ఎంతసేపు... వాడు మెల్లగ మాట్లాడిండు. అరిచినా బాగుండు.

"సగం సార్లు నా చేతిల ఏం లేకుండె బాపు. ఉత్తగనే కొట్టిన. ఒక్కసారన్న పట్టుకుంటవని చూసిన."

నీ సంతోషానికే బిడ్డా అనబోయిన —

"నువ్వు ఇంకా లీవుల వచ్చిన తీరుగనే ఆడుతున్నవ్. నాకు ముప్పై ఏండ్లు. నా ఎదురుంగ నువ్వు కూసున్నవనుకున్న. కూసోలే."

ఆ మాట ఛాతిల దిగింది. ప్రేమ అనుకున్న నేను. వానికి ఖాళీ కుర్సీ కనవడ్డది.

"మల్ల ఆడితే ఉన్నది ఉన్నట్టు ఆడు. పత్తాలు తిప్పి చూపెట్టకు, ఒట్లు పెట్టకు. ఉత్తగ ఆడు."

సరే బిడ్డా అన్న. 

నవంబరు 21, శుక్రవారం

వానికి ఓవర్‌టైమట. నిజమే కావచ్చు.

నవంబరు 28, శుక్రవారం

ఆడినం.

నాకు రెండు పదులు పడ్డయి. రైజ్ చేసిన. వాడు పదింతలు కొట్టిండు. పట్టిన! వాని దగ్గర చిల్లర పత్తాలు, ఏం లేవు. "పట్టినవ్ బాపు! అరె, పట్టినవ్!" ఓడిపోయినోడు అంత నవ్వుడు నేను ఎన్నడు చూడలే. నేను మంచం మీద పిల్లగాని తీరుగ ఎగిరిన. రహమత్ "యల్లా చాచా!" అని సప్పట్లు కొట్టిండు.

మల్ల పత్తాలు పడ్డయి. ఏడు, మూడు. కలర్ కూడా కలువలే. ఊకె చిన్నగ పెంచి చూసిన, అది నా తప్పే. శీను బిళ్ళలన్నీ నూకిండు.

ఈసారి అడుగలే, ఏం జేస్తవని.

పడేస్తే బాపు మళ్ళ నాకోసమే ఇడిచిండనుకుంటడు వాడు. వాని మనసుకోసం పట్టుకుంటే... అదీ దొంగాటనే. ఉన్నది ఉన్నట్టు అన్నడు కద. ఉన్నది ఏడు, మూడు.

పడేసిన.

నిజంగనే ఏం లేకుండె శీను — నాలిక మీదిదాక వచ్చింది. మింగిన.

వాడు నమ్మిండో లేదో. ఫోన్ల సముద్రం గాలి ఒక్కటే హోరు. ఫోన్ అయితే వాడు పెట్టెయ్యలే. నేనూ పెట్టెయ్యలే...