పూడిమడక అర్జీలో దొంగ వేలిముద్రలు

అనకాపల్లి,
12 ఆగస్టు 1964

చిరంజీవి స్వర్ణకుమారికి నాన్న ఆశీస్సులు. దేవుని దయవల్ల ఇక్కడ మేమంతా కులాసా. మద్రాసు నీళ్ళు నీకు పడ్డాయని రాశావు, మీ అమ్మ మనసు కుదుటపడింది. ఆమె మోకాలి నొప్పి తగ్గింది. చర్చికి నడిచే వెళ్తోంది.

1848లో ఇంగ్లండు కూలీజనం ఓటుహక్కు కోసం పార్లమెంటుకు పెట్టుకున్న పెద్ద అర్జీలో దొంగ సంతకాలు దొరికాయనీ, రాణిగారి పేరు కూడా ఉందనీ, సభ్యులు నవ్వి దాన్ని పక్కన పడేశారనీ నీ పరిశోధన గురించి రాశావు. "న్యాయమైన కోరికకు దొంగ సంతకాలు ఎందుకు పెడతారు నాన్నా?" అని అడిగావు. పదిహేను రోజులుగా జవాబు రాయలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా బడిలో చరిత్ర చెబుతున్నవాణ్ణి, తెలియక కాదు.

సముద్రపొడ్డున జాలర్ల పల్లె పూడిమడకకు ఆస్పత్రి కావాలని అర్జీ పెట్టిస్తున్నానని వేసవిలో నీకు గొప్పగా రాశాను కదా. కాగితాలు పట్టుకుని గుడిసె గుడిసెకీ తిరిగినవాడు కన్నబాబు. పట్నం చేర్చేలోగా కాన్పులో భార్యను పోగొట్టుకున్న మనిషి. జూన్ నెలాఖరున ఒక ఆఫీసరు విచారణకు వచ్చి, అందరినీ ఇసుకలో కూర్చోబెట్టి పేర్లు చదివాడు. "వాసుపల్లి ఎర్రయ్య" అనగానే పైడితల్లి లేచింది.

"ఆడు నా పెనిమిటి బాబూ. సముద్రంలో పోయి ఆరేళ్ళయింది. ఆడి ఏలిముద్ర ఎవులేసేరు?"

ఆఫీసరు నవ్వాడు. అలాంటివే మరికొన్ని పేర్లు బయటపడ్డాయి. ఫైలు మూసి జీపెక్కాడు. జనమంతా కన్నబాబు మీద పడ్డారు. "సచ్చినోడి పేరుతో ఆటలేటిరా!" అన్నారు. ఆ మర్నాటి నుంచి అతణ్ణి ఎవరూ పడవ ఎక్కించుకోలేదు. నేను అక్కడే, ఆఫీసరు పక్కన కుర్చీలో ఉన్నాను. నోరు విప్పలేదు.

తల్లీ, ఆ ముద్రలు వేసింది నేను. కన్నబాబు తెచ్చిన కాగితాల్లో నూట యాభై పేర్లే ఉన్నాయి. మూడొందలుంటే బరువుగా ఉంటుందనిపించింది. మగవాళ్ళు సముద్రం మీద చేపల వేటకు వెళ్ళారు. వాళ్ళు వచ్చేదాకా నాలుగు రోజులు ఆగలేకపోయాను. పాత ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని, నా వేళ్ళే మార్చి మార్చి సిరాలో ముంచాను. కోరిక మంచిదే కదా, ఎవరికి నష్టం అనుకున్నాను. నీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇంతే.

మొన్న ఆదివారం ఆరాధన కాగానే పూడిమడక వెళ్ళి అందరి ముందూ చెప్పాను. కన్నబాబు జనంలోంచి ముందుకొచ్చాడు.

"మాట్టారూ, మీరు అక్కడే కూకున్నారు గదా. ఒక్క మాట సెప్పలేకపోయేరా?" అన్నాడు.

తిట్టినా బాగుండేది. నిన్న ఆ ఆఫీసరు ఆఫీసుకు వెళ్ళి తప్పు నాదేనని రాసిచ్చాను. ఉద్యోగం మీదికి రావచ్చు. మీ అమ్మకు అంతా చెప్పాను.

కన్నబాబును మళ్ళీ వేటకు తీసుకెళ్తున్నారు. కొత్త అర్జీ రాసుకుంటారట. నన్ను రాయమనలేదు. ఆదివారం అక్కణ్ణుంచి తిరిగి వస్తూ పైడితల్లి గుమ్మం ముందు ఆగాను. చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగేదాకా నిలబడింది. ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఇది చదివాక నీకు రాయబుద్ధయితేనే రాయి తల్లీ.

ఇట్లు,
నీ తండ్రి
కృపానిధి