మా మాటలు జకార్తా చుట్టి రావడం గురించి

కమ్యూనికేషన్ల శాఖ జిల్లా అధికారి గారి దివ్యసముఖమునకు,
బాతాం దీవి, బెంగ్‌కాంగ్ వార్డు, మెలాతి వీధి, ఏడో నంబరు ఇంటి కాపురస్తుడు సుకార్జన్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఇంటర్నెట్‌లో మా మాట ఏ దారిన పోవాలో మేమే ఎంచుకొను హక్కు గురించి.

1. మా వీధి సంఘం ఒక ఇంటర్నెట్ లైను తీసుకుని ఇంటింటికీ పంచుచున్నది. దానికి దారులు రెండు. ఒకటి సముద్రం కింద నేరుగా సింగపూరుకు. రెండవది దక్షిణాన జకార్తా దాకా పోయి, తిరిగి సింగపూరుకు. మా మేడెక్కితే సింగపూరు భవనాలు కనిపిస్తాయి. అయినా నా మాట జకార్తా చూసి రావలసినదే.

2. ఎవరికే దారి కావాలని సంఘం మీటింగులో అడిగిన మాట వాస్తవము. మా జావా వాళ్లలో అడగ్గానే "నాకిది కావాలి" అనడం మర్యాద కాదు. "ఏదైనా పర్వాలేదండీ" అన్నాను, మళ్లీ అడుగుతారు కదా అని. అడగలేదు, నన్ను జకార్తా దారికి రాసేసుకున్నారు. పక్కింటి తుంపాల్ బాతక్ తెగ మనిషి, వాళ్లకు మొహమాటాలు లేవు. "నేరు దారే కావాలి, రాసుకోండి!" అని బల్ల గుద్దాడు.

3. నా భార్య పేరు లస్మీని. ఆవిడా, తుంపాల్ భార్య రోసితా సింగపూరులో ఒకే భవనంలో ఇళ్లలో పనిచేయుచున్నారు. ఆదివారం వాళ్లిద్దరూ ఒకే ఫోన్ ముందు కూర్చుంటారు. మేము ఎవరింట్లోంచి వాళ్లం ఒకే వీడియో కాల్‌లో మాట్లాడతాము. ఒకరోజు లస్మీని కొత్త బట్టలు కట్టుకున్నది. "పచ్చరంగు నీకు బాగుంది" అన్నాను. అది చేరేలోపే తుంపాల్, "అబ్బ, చెల్లెమ్మకు పచ్చరంగు ఎంత బాగుందో!" అనేశాడు. ఆవిడ నాతో, "ఆయన చెప్పాక గానీ మీ కంటికి ఆనలేదా?" అన్నది. అయ్యా, ముందన్నది నేను! ఒళ్లు మండిపోయింది. ఆ పూట అన్నం సయించలేదు.

4. పోయిన ఆదివారం లస్మీని, "ఏవండీ, ఒప్పందం అయిపోతోంది. వచ్చెయ్యనా, ఇంకో రెండేళ్లు ఉండిపోనా?" అని అడిగినది. నేను తక్షణమే "వచ్చెయ్" అంటిని. నా మాట ఇంకా జకార్తాలో ఉండగానే తుంపాల్, "వచ్చెయ్ చెల్లెమ్మా, మీ ఆయన చిక్కిపోతున్నాడు!" అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, "సరే అన్నా, వస్తున్నా" అన్నది. శనివారం ఓడకు దిగుతుంది. సంతోషమే. కానీ ఎవరి మాట మీద వస్తోందయ్యా?

5. సంఘం పెద్దను అడిగితే, "అందరూ నేరు దారే అంటే అక్కడ తొక్కిసలాటేగా? సర్దుకో" అంటున్నాడు. టాక్సీ ఎక్కితే ఏ దారిన పోవాలో ఎక్కినవాడు చెబుతాడు. మాట నాది, దారి సంఘానిదా?

కావున, ఎవరి దారి వారు ఎంచుకొనునట్లు ఉత్తర్వులు ఇప్పించవలెను. అది కుదరనిచో, తుంపాల్ మాటలను కూడా జకార్తా మీదుగా తిప్పించవలెను. "వచ్చెయ్" అని ముందన్నది నేనేనని రికార్డులు చూసి, శనివారం లోపల ముద్ర వేసిన ధ్రువపత్రం ఇప్పించవలెను. ఇది కడుపు మండినవాడి మొరగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సుకార్జన్

తా.క.: ధ్రువపత్రం వద్దులెండి. రికార్డులు తీస్తే ఎలాగూ బయటపడుతుంది. ఆ ప్రశ్న కోసం రెండేళ్లు కాచుకుని కూర్చున్నవాణ్ణి, తీరా అడిగేసరికి నోరు పెగల్లేదు. తుంపాల్ అన్నాకే అన్నాను. ఆ ఆలస్యం జకార్తాది కాదయ్యా, నాదే. మిగతా రెండు కోరికలూ అలాగే ఉంచండి. ముఖ్యంగా తుంపాల్‌ది.